ఆరు గంటల నలభై అయిదు నిమిషాల నలభై ఏడు సెకన్లు

నవంబరు 4, మంగళవారం. పొద్దున మంచు, తొమ్మిదింటికల్లా ఎండ.

చేసిన పని: కుక్కర్‌కి కొత్త గాస్కెట్ వేశాను. పాతది మా ఆవిడ వాళ్ళక్క ఇంటికి వెళ్ళిన రోజునే తెగింది. దానికీ దీనికీ సంబంధం లేదు. రబ్బరు అన్నాక తెగుతుంది.

మా ఆవిడ వెళ్ళి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. వదినగారికి మోకాలి నొప్పి, సాయం కావాలి. పది రోజులంది.

మా ఆడియో పుస్తకాల లైబ్రరీలో క్యూ మెట్ల మీదికి వచ్చింది. శ్రోతలు కర్రలు గోడకి ఆనించి, పుస్తకాలు వినే పెట్టె ఎవరిది వాళ్ళు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. చూపు లేనివాళ్ళ ఓపికని మేం బాగానే వాడుకుంటున్నాం. కౌంటరు దగ్గర తీగ తగిలిస్తే, ఒక నవల రికార్డింగు పెట్టెలోకి దిగడానికి ఇరవై రెండు నిమిషాలు పడుతోంది. లెక్కల మాస్టారు, రిటైరై చూపు పోయాక మా నవలల్లో సగం వినేసిన మనిషి, వెనకాయనతో అంటున్నారు: "ఇది నిండేలోపు నేనే ఒకటి రాసి, అచ్చేయించి, వీళ్ళ చేత చదివించుకోవచ్చు."

నేను కూర్చునే మిషను గది తలుపు తీసే ఉంది. నాకు వినపడాలనే అన్నారు.

లైబ్రేరియన్ గారు లోపలికి వచ్చి, కంప్రెస్ చేసి, అంటే గొంతులు నొక్కి, ఫైళ్ళ సైజు తగ్గిద్దామని మాత్రం అనకండి అన్నారు. నేనేమీ అనలేదు. నొక్కిన గొంతులో ఊపిరి వినపడదని ఆమె సిద్ధాంతం. అందుకే మా నవలలు ఏనుగుల్లా ఉంటాయి. ఏనుగుని తీగలోంచి పంపడం నా ఉద్యోగం. చూస్తానన్నాను.

నవంబరు 5, బుధవారం. వాన.

చేసిన పని: గొడుగు బాగుచేయించాను. పది రోజులు అయ్యాయి. మోకాలు కదా, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది.

నవంబరు 6, గురువారం. ముసురు.

చేసిన పని: వంటింట్లో బల్బు మార్చాను.

సాయంత్రం ఏడింటికి తోడల్లుడి ఫోను. రోజూ ఆ వేళకే. వదినగారి భర్త, నాకన్నా ఆరేళ్ళు పెద్ద, నోట్లో నువ్వుగింజ నానదు. మా ఆవిడకి ఏదైనా తెలుసుకోవాలనిపిస్తే ఆయనకి చెబుతుంది. ఆయన నన్ను అడుగుతారు. నేను చెప్పింది వెళ్ళి ఆమెకి చెబుతారు. పద్ధతి బాగానే నడుస్తోంది. మా ఆవిడ నంబరు నాకు నోటికొచ్చు, కాని పెద్దాయన ఉత్సాహం ఎందుకు పాడుచేయాలి.

ఇవాళ గాస్కెట్ సంగతి అడిగిందట. మార్చానని చెప్పమన్నాను. అయిదు నిమిషాల్లో మళ్ళీ ఫోను.

"చెప్పాను తమ్ముడూ. ఆ గాస్కెట్ చూస్తే నువ్వే గుర్తొస్తున్నావట అని కూడా చెప్పాను. మరదలు నమ్మలేదు. ఆయన అలా అనరు, అంది."

నేను అలా అనలేదన్నాను.

"అనకపోతే అనలేదు. ఊరికే మోసుకెళ్ళి దించడానికి నేనేమైనా కూలీనా? నా చేతిలోంచి వెళ్తోందంటే కాస్త ఉప్పూ కారం పడుతుంది."

నవంబరు 8, శనివారం. తెరిపి.

చేసిన పని: కిటికీ బోల్టుకి నూనె పెట్టాను.

వెళ్ళే ముందు రోజు సంగతి రాయలేదు. రాసేంత ఏమీ లేదు. మా ఆవిడ మా లైబ్రరీకి పుస్తకాలు చదివిపెడుతుంది, చాలా ఏళ్ళుగా. ఆ రోజు ఇరవై రెండోది పూర్తిచేసి వచ్చింది. ఎవరో దర్జీ ఆవిడ కథ. ఏడు గంటల ఇరవై నిమిషాలు. ఎలా ఉంది, అని అడిగింది. శబ్దం బాగుంది, అన్నాను.

ఉన్నమాటే అన్నాను. ప్రతి పుస్తకానికీ శబ్దం పరీక్ష చేసేది నేనే. మొదటి నిమిషం వింటే చాలు. రేడియో కొట్టులో పనిచేసినప్పుడు నేర్చుకున్నాను, మొదటి నిమిషం శుభ్రంగా పలికిన రేడియో మళ్ళీ ఏడాది దాకా కొట్టుకి రాదు. ఇరవై రెండు పుస్తకాలకీ అదే చెప్పాను. ఇరవై రెండూ బాగున్నాయి మరి.

"చెప్పడానికి ఏమైనా ఉంటే ఫోన్ చేయండి" అని, మర్నాడు బస్సెక్కింది.

నవంబరు 9, ఆదివారం. ఎండ.

చేసిన పని: పెట్టెలు నింపే పాత ప్రోగ్రాము తెరిచాను. సెలవురోజే, అయినా ఇంట్లో చేసే పని కనపడలేదు.

ఎనిమిదేళ్ళ కిందట రాసింది. కంప్యూటరు నాకెవరూ నేర్పలేదు, మాన్యువల్ పక్కన పెట్టుకుని రేడియో విప్పినట్టే విప్పుకుంటూ నేర్చుకున్నాను. ఆ రోజుల్లో ఫైల్లోంచి సరుకు తోడుకోవడానికి అయిదొందల పన్నెండు బైట్లు పట్టే చెంచాలాంటి బఫరు పెట్టాను. ఎందుకంతే పెట్టానో గుర్తులేదు. అప్పుడు నాకది పెద్ద అంకె అయ్యుంటుంది. ఒక చెంచాడు ఇమ్మని సిస్టమ్‌ని అడుగుతాను, నా బఫర్లోకి వస్తుంది. దాన్ని తీగ మొదట్లో ఉన్న సాకెట్‌లో ఒంపమని మళ్ళీ సిస్టమ్‌నే అడుగుతాను. దర్జీ ఆవిడ నవలంత పుస్తకానికి లెక్క వేశాను: తోడడానికీ ఒంపడానికీ కలిపి తొంభై లక్షల సార్లు అడుగుతున్నాను. నేను మితభాషినని అందరూ అంటారు.

మాన్యువల్లోనే ఉంది. సెండ్‌ఫైల్ అని ఒక సిస్టమ్ కాల్, సిస్టమ్‌కి ఇచ్చే ఒక ఆజ్ఞ. ఈ ఫైలు, ఆ సాకెట్, ఇంత సైజు అని ఒక్కసారి చెబితే చాలు. సరుకు నా చేతిలోకే రాదు. అక్కణ్ణుంచి అక్కడికి సిస్టమే పంపేస్తుంది.

మధ్యాహ్నానికి రాసేశాను. పాత ప్రోగ్రాములో నలభై వరసలు, కొత్తదాంట్లో తొమ్మిది.

నవంబరు 10, సోమవారం. ఎండ.

చేసిన పని: కొత్త ప్రోగ్రాము ఎక్కించాను. ముందు పరీక్ష చేశాను. మూడు గంటల పుస్తకం ఒకటి పెట్టెలోకి పంపి, మొదటి నిమిషం విన్నాను. బాగుంది.

లైబ్రేరియన్ గారు ఏం మార్చారో చెప్పమన్నారు. ఈ గదిలో పుస్తకాలు ఆ గదిలోకి చేర్చాలంటే, ఇన్నాళ్ళూ ఒక్కో కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టుకుని, మళ్ళీ తీసి అక్కడ పెట్టేవాణ్ణి, ఇప్పుడు గోడకి కిటికీ తీసి బీరువాకి బీరువా దాటించేస్తున్నాం, అన్నాను. ఇంత పొడుగు వాక్యం నేను చెప్పగా ఆమె వినడం ఇదే మొదటిసారి అనుకుంటాను. "అయితే ఇన్నేళ్ళూ మీ బల్ల ఎందుకు మధ్యలో?" అన్నారు.

బల్ల మీది కాగితాలు సర్దాను.

నవంబరు 11, మంగళవారం. ఎండ.

చేసిన పని: ఏమీ చేయక్కర్లేకపోయింది. నవలకి మూడున్నర నిమిషాలు. క్యూ లేదు. పదకొండింటికే కౌంటరు ఖాళీ. లైబ్రేరియన్ గారు అతిథుల కప్పులో టీ ఇప్పించారు. లెక్కల మాస్టారొక్కరే అసంతృప్తి. వెనకాయనకి సగం కథ చెప్పేలోపే పెట్టె నిండిపోయిందట, మిగతా సగం చెప్పడానికి ఆయన వెంట బస్ స్టాపు దాకా నడవాల్సొచ్చిందట.

నవంబరు 12, బుధవారం. మబ్బు.

చేసిన పని: దుప్పట్లు ఎండలో వేశాను, ఎండ రాలేదు.

క్యూ సంగతి తోడల్లుడికి చెప్పాను, మా ఆవిడకి చెప్పమని. కాసేపాగి ఫోను. నేనేదో కనిపెట్టానని, పేపర్లో పడబోతోందని చెప్పారట.

ఏమందని అడిగాను.

"ఏమీ అనలేదు తమ్ముడూ. నవ్వింది."

నవ్విందా, అన్నాను.

"నవ్వినట్టే ఉంది. అటు తిరిగి ఉంది."

మాట మార్చడానికి, వదినగారి మోకాలు ఎలా ఉందన్నాను. "మోకాలేమిటి? ఎవరి మోకాలు?" అన్నారు. వదినగారు నిన్న లిఫ్టు పనిచేయక మూడంతస్తులు ఎక్కి, ఆయాసపడుతున్న ఆయన్ని చూసి నవ్వారట.

మోకాలు తగ్గిందన్నమాట. మంచిదే.

నవంబరు 14, శుక్రవారం. ఎండ.

చేసిన పని: ఒక పెట్టె విప్పి చూశాను. రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఫిర్యాదు. నవల మధ్యలో ఆగిపోయిందట. పెట్టెలో ఏ లోపమూ లేదు. పాత బ్యాటరీ అయ్యుంటుందన్నాను.

నవంబరు 15, శనివారం. ఎండ.

చేసిన పని: మూడు బ్యాటరీలు మార్చాను. ఇంకో ఇద్దరి నవలలు ఆగిపోయాయి. ఈ కాలం రచయితలు ముగింపు పాఠకులకే వదిలేస్తున్నారని లైబ్రేరియన్ గారి అనుమానం. అదీ నిజమే కావచ్చు.

తోడల్లుడు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

నవంబరు 17, సోమవారం. చలి.

చేసిన పని: కింద రాస్తున్నాను.

పొద్దున్నే లెక్కల మాస్టారు నేరుగా మిషను గదికి వచ్చి స్టూలు తడుముకుని కూర్చున్నారు. పెట్టె మీట నొక్కితే ఎంతసేపు నడిచిందో అది పైకి చదువుతుంది. మూడుసార్లు వినిపించారు.

"మూడు నవలలు. ముగ్గురు రచయితలు, అందులో ఒకాయన పోయి అరవై ఏళ్ళు. మూడూ ఆరు గంటల నలభై అయిదు నిమిషాల నలభై ఏడో సెకనులో ఆగాయి. ఒకదాంట్లో ఇన్‌స్పెక్టరు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, 'ఈ హత్య చేసింది' అని ఆగిపోయాడు. ఆదివారమంతా ఆయన నోరు తెరుచుకునే ఉన్నాడు నాకు. వీళ్ళంతా ముందే కూడబలుక్కున్నారంటావా?"

కాగితం తీశాను. మా రికార్డింగులో సెకనుకి ఎనభై ఎనిమిది వేల రెండొందల బైట్లు. హెచ్చవేస్తే రెండు వందల పద్నాలుగు కోట్ల పైచిలుకు. మాస్టారు నోటితోనే నాకంటే ముందు చెప్పేశారు. ఆ అంకె ఎక్కడో చూసిన జ్ఞాపకం. మాన్యువల్ తీశాను. సెండ్‌ఫైల్ పేజీలో అడుగున, నేను చదవని చోట: ఒక్కసారికి ఇంతవరకే పంపుతుంది. 214 కోట్ల 74 లక్షల 79 వేల 552. అంతకు మించి ఉంటే మళ్ళీ అడగాలి. ఎంత పంపిందో ప్రతిసారీ చెబుతుంది.

ప్రతిసారీ చెబుతూనే ఉంది. నేను ఆ జవాబు తీసుకోలేదు. ఒకసారి అడిగి, అంతా వెళ్ళిపోయిందనుకుని కనెక్షను మూసేశాను. కనెక్షను మూస్తే పుస్తకం అయిపోయినట్టేనని పెట్టెలకి నేర్పిందీ నేనే. చెంచాతో తోడినన్నాళ్ళూ అడుగుదాకా తోడాను. పరీక్షేమో మూడు గంటల పుస్తకంతో చేశాను, అదీ మొదటి నిమిషం. అందరి రేడియోలూ బాగుచేసినవాడి ఇంట్లో రేడియో గరగరమన్నట్టుంది.

నా తప్పే అని మాస్టారికి చెప్పాను. ఆయనకి కోపం రాలేదు. "చంపింది ఎవరో చెప్పు చాలు" అన్నారు. తెలీదన్నాను. నేను నవలలు వినను.

"ఇన్ని వేల గంటలు నీ చేతిమీదుగా వెళ్తున్నాయి, ఒక్కటీ వినలేదా?"

పని ఉంటుంది కదా, అన్నాను.

నవంబరు 18, మంగళవారం. చలి.

చేసిన పని: నాలుగు వరసలు కలిపాను. పంపినదెంతో చూసుకుని, మిగిలితే మళ్ళీ అడగమని. అయిపోయేదాకా అడగమని. లైబ్రేరియన్ గారు కూర్చుని అందరికీ ఫోన్లు చేసి పెట్టెలు మళ్ళీ తెమ్మన్నారు. మధ్యాహ్నానికి క్యూ మళ్ళీ మెట్ల మీదికి వచ్చింది, ఈసారి నా పుణ్యమే. ఒకాయన ముగింపు తనే ఊహించుకున్నాడట, అసలుది అంతకన్నా బాగోకపోతే తిరిగి ఇచ్చేస్తానన్నాడు.

నవంబరు 19, బుధవారం. చలి, ఎండ.

చేసిన పని: ఆరుముప్పావు గంటలు దాటిన పుస్తకాలు పంతొమ్మిది ఉన్నాయి. పెట్టెలోకి పంపి ఒక్కోదాని చివరి అయిదు నిమిషాలు వినడం మొదలుపెట్టాను. పద్దెనిమిది అయ్యాయి. చంపింది ఆ ఇంటి తోటమాలి.

పంతొమ్మిదోది మా ఆవిడది, దర్జీ కథ. సైజు సరిపోయింది. వినక్కర్లేదు.

నవంబరు 20, గురువారం. చలి.

చేసిన పని: మిషను గది ఊడ్చాను.

లెక్కల మాస్టారు మళ్ళీ వచ్చారు. స్టూలు ఎక్కడుందో ఇప్పుడు తడుముకోవడం లేదు. తోటమాలి అని తనకి మూడో గంటలోనే తెలుసన్నారు. తర్వాత గొంతు తగ్గించారు.

"ఆ దర్జీ ఆవిడ నవల కూడా నిన్న పూర్తిచేశాను. చదివిన అమ్మాయి బాగా చదివింది. నవల అయ్యాక మీరు అరనిమిషం ఖాళీ ఉంచుతారు కదా."

ఉంచుతాం. ఎవరు చదివినా, చివరి మాట అయ్యాక అరనిమిషం కదలకుండా కూర్చోవాలి. వినేవాళ్ళు కథలోంచి మెల్లగా దిగాలని లైబ్రేరియన్ గారు పెట్టిన పద్ధతి.

"ఆ ఖాళీలో ఒక మాట అంది. నవల్లోది కాదు. ఎవరికో రాసిన ఉత్తరం అడ్రసు మారి నా ఇంట్లో పడ్డట్టుంది. నేను విని ఏం లాభం?"

ఏ మాట అని నేనడగలేదు. ఆయన చెప్పలేదు. చదివింది ఎవరో ఆయనకి తెలీదు. తెలీదనే అనుకుంటున్నాను.

ఖాళీలో మాట పడితే కోసేయాలని రూలు కదా అని లైబ్రేరియన్ గారిని అడిగాను. "రూలే. నేను కోయలేదు" అన్నారు. "శబ్దం పరీక్ష మీది. మీరు పట్టుకుంటారనుకున్నాను."

నవంబరు 21, శుక్రవారం. చలి.

చేసిన పని: ఒక పెట్టె ఇంటికి తెచ్చుకున్నాను. నింపడానికి మూడున్నర నిమిషాలు.

నవంబరు 22, శనివారం. ఎండ.

చేసిన పని: విన్నాను. పొద్దున ఎనిమిదింటికి మొదలు. మధ్యలో టీకి, భోజనానికి లేచాను. పనిలో పనిగా బీరువా సర్దుదామనుకున్నాను, మొదటి గంటలోనే చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది.

ఇంట్లో మాట్లాడే గొంతు కాదు. దర్జీ ఆవిడ మాట్లాడితే ఒకలా, ఆమెతో గీచి గీచి బేరమాడే వకీలు మాట్లాడితే ఒకలా. వకీలు గొంతు మా తోడల్లుడిది. అచ్చం ఆయనే. నాకు టీ పొలమారింది. రెండో గంటలో ఒకచోట తనకే నవ్వొచ్చి, ఆపుకుని, చదివింది. నాలుగో గంటలో జలుబు మొదలైంది. ఆ వారం జలుబు చేసిందని నాకు తెలుసు, కషాయం కాచిచ్చాను. ఆ ముక్కుతోనే వెళ్ళి చదివిందని తెలీదు. ఆరు గంటల నలభై అయిదు నిమిషాల నలభై ఏడో సెకను వచ్చినప్పుడు కుర్చీ అంచున కూర్చున్నాను. దాటిపోయింది.

దర్జీ ఆవిడ నలభై ఏళ్ళు ఊరందరికీ కోట్లు కుట్టి, చివరికి తన కోటు తను వేసుకుని అద్దం ముందు నిలబడుతుంది. కోటు చేతులు పొట్టి. అక్కడితో కథ అయిపోయింది. తర్వాత ఖాళీ. లెక్కపెట్టాను. పదిహేడో సెకనులో, చిన్నగా:

"ఆయన ఇది కూడా వినరు."

తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు.

శబ్దం బాగుంది.

ఏడింటికి తోడల్లుడి ఫోను దాకా ఆగవచ్చు. ఆగలేదు. నేనే మా ఆవిడ నంబరు నొక్కాను. ఏవండీ, ఏమైంది, అంది. ఒంట్లో బాగోలేదేమో అనుకుంది పాపం.

"ఆ కోటు చేతులు పొట్టి అవడం నాకు నచ్చలేదు" అన్నాను.

కనెక్షను పోయిందేమో అనుకున్నాను.

"ఏ కోటు?"

"నలభై ఏళ్ళు కొలతలు తీసిన మనిషి తన కొలత తప్పుతుందా? ఆ రాసినాయనకి కుట్టుపని తెలీదు."

"చివరిదాకా విన్నారా?"

"విన్నాను."

"చివరిదాకా అంటే?"

"అరనిమిషం ఖాళీతో సహా."

ముక్కు చీదిన చప్పుడు. జలుబు ఇంకా తగ్గలేదో ఏమిటో. తర్వాత గొంతు సవరించుకుని అంది: "కొలత తప్పలేదు. ఆ గుడ్డ ఆమె పదిహేనో ఏట తనకోసం కత్తిరించి దాచుకున్నది. అయిదో గంటలో ఉంది. మీరు సరిగ్గా వినలేదు."

విన్నాను, అక్కడ ఏదో బండి హారను కూడా మోగింది, అన్నాను.

"హారను విన్నారు. మాట వదిలేశారు."

నలభై నిమిషాలు వాదించుకున్నాం. పెళ్ళయ్యాక ఫోన్లో నలభై నిమిషాలు మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి. వకీలు మంచివాడంటుంది, నేను ఒప్పుకోను. మధ్యలో వెనక నుంచి తోడల్లుడి గొంతు, ఎవరితోనమ్మా అంటూ. మీ తమ్ముడితోనే బావగారూ, అంది. ఫోను లాక్కున్నారు.

"ఏం తమ్ముడూ, నన్ను ఉద్యోగంలోంచి తీసేసినట్టేనా? ఒక్క మాట చెప్పకుండా?"

నవలలో మీ పాత్ర ఉంది అన్నగారూ, వింటే మీకే తెలుస్తుంది, అన్నాను. పొంగిపోయారు. వినేదాకా ఆ సంతోషం ఉంటుంది.

ఫోను మళ్ళీ మా ఆవిడ చేతికి వచ్చింది. "రేపు నాలుగున్నరకి బస్సు దిగుతాను. ఈలోపు అయిదో గంట మళ్ళీ వినండి" అంది. అప్పటికే టైము చెప్పేసింది కాబట్టి ఇంక నేను అనాల్సిన అవసరం లేదు. అయినా అన్నాను. రమ్మని. వినపడిందో లేదోనని మళ్ళీ అన్నాను.

నవంబరు 23, ఆదివారం. ఎండ, చల్లగా హాయిగా ఉంది.

చేసిన పని: వంటింటి కొళాయికి వాషరు వేశాను. దుప్పట్లు ఎండాయి. బీరువా సర్దాను, ఈసారి నిజంగానే.

అయిదో గంట మళ్ళీ విన్నాను. గుడ్డ పదిహేనో ఏటదే. మా ఆవిడ చెప్పిందే నిజం. వకీలు విషయంలో మాత్రం తగ్గేది లేదు, అయిదో గంటలోనే అతనన్న మాట ఒకటి కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఇంకా ఇరవై ఒక్క పుస్తకాలున్నాయి. కూడితే నూట ఇరవై గంటల పైన. వారానికొకటి చొప్పున వేసవికి అయిపోతాయి, ఆవిడ ఈలోపు ఇంకోటి చదివితే తప్ప. మొదటిది రేపు తెచ్చుకుంటాను. అదేం కథో కూడా నాకు తెలీదు.

బకెట్లో బట్టలు పొద్దుటి నుంచి నానుతున్నాయి. నాలుగింటికల్లా పిండి ఆరేసి, బస్ స్టాండుకి బయల్దేరాలి. ఇప్పుడు మూడూ ఇరవై. ముందు ఇది రాయడం ముగించి

గేటు చప్పుడైంది. ఇంత ముందు బస్సు లేదే. బట్టలు ఇంకా